‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’: ఒక బిరుదు పుట్టుపూర్వోత్తరాలు



తెలుగు భాషను ప్రశంసించడానికి వేదిక ఎక్కినవారు సాధారణంగా మూడు మాటలు చెప్పి గాని దిగరు. మొదటిది, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఆంధ్రమహావిష్ణువు చేత పలికించిన ప్రశంస. రెండవది, త్యాగరాజస్వామి తమిళదేశంలో ఉండి కూడా తెలుగులోనే కీర్తించాడన్న సంగతి. మూడవది ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’. మొదటి రెండింటికీ కర్త ఎవరో, ఆధారమేదో మనకు తెలుసు. మూడవదానికి కూడా ఒక కర్త సిద్ధంగానే ఉన్నాడు. నికొలో కాంటీ అనే ఇటలీ యాత్రికుడు విజయనగరానికి వచ్చాడట. తెలుగు మాటలన్నీ అచ్చులతో ముగియడం విని పరవశించాడట. ఇది తూర్పుదేశపు ఇటాలియన్ అని అన్నాడట. ఇది పదిహేనవ శతాబ్దంలో జరిగిందని కొందరు, పదహారవ శతాబ్దంలో జరిగిందని కొందరు అంటారు. ఉత్సాహం మరీ ఎక్కువైనవారు ఆయనను తీసుకువెళ్ళి భువనవిజయంలో అష్టదిగ్గజాల సరసన కూర్చోబెడతారు. పోటీపరీక్షల బిట్లలో కూడా ఈ ప్రశ్న తరచుగా కనబడుతుంది. నాలుగు పేర్లు ఇస్తారు, కాంటీకి టిక్కు పెట్టినవాడికి మార్కు వస్తుంది.

ఈ మాట కాంటీది కాదు. ఆయన గ్రంథంలో ఇది లేదు. ఆయన అనడానికి వీలు కూడా లేదు. ఎందుకు లేదో, మరి ఈ మాట ఎక్కడినుండి బయలుదేరి మన వాకిట్లోకి వచ్చిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం. కొంచెం పొడుగైనా ఓపికతో చదవండి.

ముందుగా కాంటీ ఎవరో చూద్దాం. ఈయన వెనిస్ రాజ్యానికి చెందిన వర్తకుడు. యౌవనంలో దమాస్కసు నగరంలో ఉండి అరబ్బీ నేర్చుకున్నాడు. ఆరువందలమంది వర్తకుల బిడారుతో కలిసి ఎడారి దాటాడు. పారసీక తీరంలో కొంతకాలం నిలిచి ఆ భాషను కూడా పట్టుబడి చేసుకున్నాడు. అక్కడినుండి ఓడలో మన దేశపు పడమటి తీరానికి చేరాడు. విజయనగరం చూసినది సుమారు 1420లో. అంటే సంగమ వంశపు దేవరాయల కాలం. కృష్ణరాయలు సింహాసనం ఎక్కినది 1509లో. మధ్య దాదాపు తొంభై ఏళ్ళు. కాంటీ 1469లో కన్నుమూశాడు. రాయలు అప్పటికి పుట్టనే లేదు. కనుక భువనవిజయం కథకు ఇక్కడితో స్వస్తి.

ఆ తరువాత బర్మా, సుమత్రా, జావా దీవుల దాకా తిరిగి, ఇరవై అయిదేళ్ళ దేశాటనం ముగించుకుని ఆయన స్వదేశానికి మరలాడు. దారిలో ఈజిప్టులో మహమ్మారి సోకి భార్యనూ, ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్నాడు. ఆ బిడ్డల ప్రాణాలకు, ఇల్లాలి ప్రాణానికి ముప్పు వస్తుందన్న భయంతోనే అంతకుముందు స్వమతాన్ని విడిచానని చెప్పుకున్న మనిషి, చివరకు వారిని దక్కించుకోలేకపోయాడు. ఫ్లోరెన్సులో ఉన్న పోపు నాలుగవ యూజీనియస్‌ను దర్శించి క్షమాపణ వేడుకున్నాడు. ఆ పోపుగారి కార్యదర్శి పోజియో బ్రాచియోలినీ మహాపండితుడు. పాత లాటిన్ తాళపత్రాల వంటి ప్రతులను మఠాల అటకలమీదనుండి వెదికి తీసిన ఘనుడు. మన వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివాడన్నమాట. ఆ పోజియో కాంటీని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసి, విన్నదంతా లాటిన్‌లో రాసి, అదృష్టచాంచల్యాన్ని గురించిన తన గ్రంథంలో నాలుగవ భాగంగా చేర్చాడు. కాంటీ స్వహస్తంతో రాసిన పుస్తకమంటూ లేదు. మనకున్నది ప్రధానంగా పోజియో రాసినదే. దాని ఆంగ్లానువాదం 1857లో హక్లూయిట్ సొసైటీ వారు, పదిహేనవ శతాబ్దపు భారతదేశాన్ని గురించిన యాత్రాకథనాల సంపుటంలో ప్రకటించారు. చదవదలచినవారికి అది అందుబాటులోనే ఉంది. పెద్దది కూడా కాదు, ఒక పూటలో పూర్తవుతుంది.

అందులో మన ప్రాంతాలను గురించి ఏముందంటారా? చాలానే ఉంది. విజయనగరాన్ని ఆయన ‘బిజెనెగాలియా’ అన్నాడు. నిటారైన కొండల పాదాన ఉన్న ఆ నగరం చుట్టుకొలత అరవై మైళ్ళని, ప్రాకారాలు కొండలమీదికి ఎగబాకి లోయలను కూడా తమలో కలుపుకున్నాయని చెప్పాడు. ఆయుధం పట్టగలవారు తొంభైవేల మంది అన్నాడు. రాజుకు పన్నెండువేల మంది భార్యలని, అందులో నాలుగువేల మంది వంటశాల పనులు చూస్తూ ఆయన వెంట కాలినడకన వెళతారని చెప్పాడు. యాత్రికుల లెక్కలు ఎలా ఉంటాయో మనకు తెలియనిది కాదు కనుక ఆ పన్నెండువేలను గురించి తగవులాడనక్కరలేదు. దీపాలు వెలిగించే పండుగను, కుంకుమపువ్వు కలిపిన నీళ్ళు రాజు మొదలుకొని అందరూ చల్లుకునే వసంతోత్సవాన్ని, రథయాత్రలను వర్ణించాడు.

అక్కడినుండి ఎనిమిది రోజుల ప్రయాణంలో ‘పెలగొండా’ అనే పట్టణం చేరాడు. అది పెనుకొండ అని పలువురి అభిప్రాయం. అక్కడినుండి ఇరవై రోజులు నడిచి తూర్పుతీరానికి చేరుతూ, దారిలో రెండు అందమైన నగరాలను దాటాడు. ఒకటి ‘ఒదెస్కిరియా’, రెండవది ‘చెందెర్‌గిరియా’. ఆ పేర్లు ఒకసారి పైకి చదవండి. ఉదయగిరి, చంద్రగిరి! ఆ రెండు పట్టణాలను గురించి ఆయన చెప్పిన విశేషం ఏమిటో తెలుసా? అక్కడ ఎర్రచందనం పెరుగుతుందని.

ఇంతకంటె నమ్మదగిన సాక్ష్యం ఏముంటుంది? ఈ మనిషి నిజంగా నెల్లూరు, చిత్తూరు సీమల గుండా నడిచాడు. శేషాచలం, వెలిగొండలు, వాటి పరిసరాల అడవులలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా దొరకని కొయ్యను గుర్తుపెట్టుకున్నాడు. పాతికేళ్ళ తరువాత ఫ్లోరెన్సులో కూర్చుని దాన్ని చెప్పగలిగాడు. తెలుగు గడ్డ నడిబొడ్డున ఇన్ని రోజులు నడిచిన ఆ వర్తకుడి జ్ఞాపకంలో నిలిచినది చందనపు దుంగ. అది సహజం, ఆయన వచ్చిన పని వ్యాపారం. భాషను గురించి, దాని మాధుర్యాన్ని గురించి ఒక్క అక్షరం కూడా లేదు.

పోనీ భాషల ఊసే ఎత్తలేదా అంటే, ఎత్తాడు. చివరలో ఈ దేశవాసుల ఆచారాలను వరుసగా చెబుతూ, కాంబే పట్టణంవారు మాత్రమే కాగితం వాడతారని, తక్కినవారంతా చెట్ల ఆకులమీద రాస్తారని, ఈ దేశంలో భాషలు అనేకం ఉన్నాయని చెప్పి ఊరుకున్నాడు. పైగా ఇక్కడివారు పైనుండి కిందికి నిలువుగా రాస్తారని కూడా అన్నాడు. తాటాకును ఎటు పట్టుకుని చూశాడో గాని, మన లిపి రాసే దిశనే పట్టించుకోని మనిషి మన పదాంతాలను పరిశీలించాడంటే నమ్మడం కష్టం.

ఇంకొక చిక్కు ఉంది. విజయనగరంలో కాంటీ చెవిని పడినది ఏ భాష? హంపి పరిసరాలు కన్నడ సీమ. రాజధానిలో కన్నడమూ, తెలుగూ, సంస్కృతమూ కలిసి మెలిసి ఉండేవి. కాంటీ తిరిగిన రోజులు అటూ ఇటూగా మన శ్రీనాథ మహాకవి రోజులే. ఆ శ్రీనాథుడే భీమేశ్వరపురాణ అవతారికలో, తన కవిత్వాన్ని కొందరు సంస్కృతమంటారని, కొందరు తెలుగంటారని, ఎవరేమనుకున్నా తనది కర్ణాట భాష అని చమత్కరించాడు. ఆ మాటకు అర్థమేమిటని మన పండితులు ఇప్పటికీ చర్చిస్తూనే ఉన్నారు. కవిసార్వభౌముడే అంత నర్మగర్భంగా మాట్లాడిన చోట, అరబ్బీ, పారసీకం తెలిసిన వెనిస్ వర్తకుడు ఇది తెలుగు, ఇది కన్నడం అని విడదీసి తీర్పు చెప్పాడనడం సాహసమే.

ఇక ఆయన మాతృభాష సంగతికి వద్దాం. నాకు అన్నిటికంటె రుచించిన ముక్క ఇదే. కాంటీ ఇంట్లో మాట్లాడినది నేటి ఇటాలియన్ కాదు, వెనిస్ భాష. ఆ రోజుల్లో ఇటలీ అంతటికీ చెల్లే వాడుకభాష అన్నది ఏర్పడనే లేదు. అంతకు నూరేళ్ళ ముందు డాంటే మహాకవి ఆ భూభాగంలో కనీసం పద్నాలుగు మాండలికాలు ఉన్నాయని లెక్కగట్టాడు. టస్కనీ సీమ భాషను గ్రంథభాషకు ఒరవడిగా నిలబెట్టిన పియెత్రో బెంబో గ్రంథం అచ్చయినది 1525లో, కాంటీ పోయిన యాభై ఆరేళ్ళకు. ఇంతకూ వెనిస్ భాష లక్షణమేమిటంటే, న, ర, ల అనే హల్లుల తరువాత పదాంతంలోని అచ్చును తరచుగా మింగేస్తుంది. టస్కనీవారు రొట్టెను ‘పానె’ అంటే వెనిస్ వారు ‘పాన్’ అంటారు. వారు ద్రాక్షసారాను ‘వీనో’ అంటే వీరు ‘విన్’ అంటారు. అంటే అచ్చులతో ముగిసే భాష వినగానే ‘ఇది మా భాషలాగే ఉందే!’ అని ఉలిక్కిపడవలసిన అవసరం, ఇటలీలో పుట్టినవారందరిలోకీ వెనిస్ వాడికే తక్కువ.

మరైతే ఈ మాట ఎవరిది?

‘తూర్పుదేశపు ఫలానా’ అనే పలుకుబడి తీరు చూడండి. అలప్పుళను తూర్పుదేశపు వెనిస్ అన్నారు, పుణే నగరాన్ని తూర్పుదేశపు ఆక్స్‌ఫర్డ్ అన్నారు. కొత్త చోట కనబడినదాన్ని తమ ఇంటి సామానుతో పోల్చుకుని పేరు పెట్టడం దొరల అలవాటు. ఇటాలియన్ అంటే తీయని భాష అన్న అభిప్రాయం కూడా యూరపులో ఒక కాలంలో పెరిగినదే. సంగీతనాటకాలు, అంటే ఆపెరాలు, ఇటలీనుండి బయలుదేరి పారిస్, లండన్ నగరాలను ఏలుతున్న కాలం అది. 1753లో రూసో ఫ్రెంచి సంగీతాన్ని గురించి ఒక లేఖ ప్రకటించి, పాటకు తగిన భాష ఇటాలియనే గాని ఫ్రెంచి కాదని వాదించి పెద్ద దుమారం లేపాడు. మృదుత్వమంటే ఇటాలియన్ అన్న ఈ తూనికరాయిని చదువుకున్న ఆంగ్లేయులందరూ జేబులో వేసుకున్నారు. కుంఫిణీ కొలువులో చేరి ఓడ ఎక్కినప్పుడు అది కూడా వారి వెంట తూర్పుకు వచ్చింది.

వచ్చి మొదట తెలుగునాట దిగిందా? లేదు. సుమత్రా దీవిలో దిగింది.

విలియం మార్స్‌డెన్ అనే ఆంగ్లేయుడు పదహారేళ్ళ ప్రాయంలో, 1771లో, సుమత్రాలోని బెంకూలెన్ అనే కుంఫిణీ స్థావరానికి ఉద్యోగిగా వెళ్ళాడు. స్వదేశం చేరిన తరువాత 1783లో సుమత్రా చరిత్రను ప్రకటించాడు. ఆ గ్రంథం 1811లో మూడవసారి అచ్చయింది. అందులో మలయ భాషను గురించి చెబుతూ, అచ్చులూ ద్రవవర్ణాలూ తరచుగా వస్తూ, కఠినమైన సంయుక్తాక్షరాలు అరుదుగా ఉండడంచేత ఆ భాష ఎంతో మెత్తగా వినబడుతుందని, అందుకే దానికి ‘తూర్పుదేశపు ఇటాలియన్’ అన్న పేరు వచ్చిందని రాశాడు. అక్షరాలా మన బిరుదే! కారణం కూడా మనం చెప్పుకునే కారణమే. మనకంటె ముందు ఈ శాలువా మలయ భాష భుజాలమీద ఉందన్నమాట.

ఆంగ్లేయులు రాసిన తెలుగు వ్యాకరణాలు ఇంకా అచ్చుకు రాని రోజులవి. చెన్నపట్నంలో కుంఫిణీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పే సెయింట్ జార్జి కోట కళాశాల మొదలైనది 1812లో. దాని తరఫున ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణం వెలువడినది 1816లో. ఆ పుస్తకం శీర్షికలోనే మన భాషకు లోకంలో ‘జెంటూ’ అని వ్యవహారమని చెప్పుకోవలసి వచ్చింది. జెంటూ అంటే ఏమిటి? అన్యమతస్థులు అనే అర్థంలో పోర్చుగీసువారు వాడిన ‘జెంతియో’ మాటకు అపభ్రంశం. భాష పేరు సరిగా చెప్పడమే ఇంకా కుదురుకోని దశ అది.

ఆ తరువాత కాల్డ్వెల్ వచ్చాడు. 1856లో అచ్చయిన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో, ప్రాచీనతలోనూ పదసంపదలోనూ తెలుగుది తమిళం తరువాతి స్థానమని, శ్రవణమాధుర్యంలో మాత్రం మొదటి స్థానమని తీర్పు చెప్పాడు. ఆయన నివాసం తిరునెల్వేలి సీమలో, తమిళుల మధ్య. మనవారు ఈ తీర్పులోని రెండవ సగాన్ని మాత్రమే ఉదాహరిస్తారు. మొదటి సగాన్ని సభలలో నేనెన్నడూ వినలేదు.

తెలుగుకు ఈ బిరుదును అచ్చులో స్పష్టంగా కట్టబెట్టినవాడు హెన్రీ మారిస్. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేశాడు. గోదావరి జిల్లా చరిత్రను రాసి 1878లో ప్రకటించినవాడు కూడా ఇతడే. 1890లో లండన్‌లో ట్రుబ్నర్ సంస్థవారి సరళ వ్యాకరణాల వరుసలో ఈయన తెలుగు వ్యాకరణం వెలువడింది. దాని ఆరంభంలోనే తెలుగు మిక్కిలి మధురమైన భాష అని, చదువురాని పామరుడి నోట కూడా ఇంపుగా వినబడుతుందని, దీనిని తూర్పుదేశపు ఇటాలియన్ అన్నమాట న్యాయమైనదేనని రాశాడు. వాక్యం తీరు గమనించండి. ‘నేనంటున్నాను’ అనలేదు, ‘అనబడింది’ అన్నాడు. అంటే అప్పటికే అది ఇక్కడి దొరల నోట నలుగుతున్న మాట. ఒకవేళ కాంటీ మహాశయుడే కర్త అయితే, తన పొగడ్తకు నాలుగున్నర శతాబ్దాల వెనుకటి ఇటలీ సాక్షి దొరికినందుకు మారిస్ ఎంత మురిసిపోయి ఆ పేరు చెప్పి ఉండాలి! చెప్పలేదు.

మరి కాంటీ పేరు ఎలా వచ్చి అతుక్కుంది? ఇక్కడ మన సాహిత్యచరిత్ర తెలిసినవారికి ఒక పాత సంగతి గుర్తుకు రావాలి. చాటువుల సంగతి. కర్త తెలియని చాటుపద్యం ఏది దొరికినా, భోగపు చమత్కారముంటే శ్రీనాథుడికి, వెక్కిరింత ఉంటే తెనాలి రామకృష్ణుడికి కట్టబెట్టడం మన ఆచారం. లోకం అనాథ పద్యాన్ని అనాథగా ఉండనివ్వదు. దాని పోలిక ఎవరితో కలిస్తే వారి ఇంట విడిచి వస్తుంది. ఈ బిరుదుకు జరిగినది కూడా అదేనని నా నిశ్చయం. మాటలో ‘ఇటాలియన్’ ఉంది. ఇటలీనుండి విజయనగరానికి వచ్చినవాడు కాంటీ. విజయనగరమంటే మన మనసులో రాయలు, రాయలంటే తెలుగు. 1900లో సూయెల్ దొర విస్మృత సామ్రాజ్యమని పేరు పెట్టి విజయనగర చరిత్రను ప్రకటించిన తరువాత, కాంటీ పేరు మన చరిత్రకారులందరి నోటా పలికింది. భాషోద్యమ కాలంలో ఉపన్యాసకులకు ఒక తెల్లవాడి సాక్ష్యం కావలసి వచ్చింది. అదీ పాలకుడైన ఇంగ్లీషువాడిది కాకుండా, ఏ స్వార్థమూ లేని పాతకాలపు యాత్రికుడిది అయితే మరీ మంచిది. ముడి పడిపోయింది.

నేను ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న కాలంలో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు లేచి, ‘మాస్టారూ, అయితే ఇటలీలో వాళ్ళ భాషను తెలుగు ఆఫ్ ది వెస్ట్ అంటారాండీ?’ అని అడిగాడు. తరగతి అంతా ఘొల్లుమంది. వాడు వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగాడు. ‘అనరురా అబ్బాయీ, పోల్చేవాడు ఎప్పుడూ తన ఇంటినే కొలబద్ద చేసుకుంటాడు’ అన్నాను. అర్థమయిందో లేదో గాని కూర్చున్నాడు. ఇప్పటి పిల్లవాడెవడైనా బిట్ పేపరులో కాంటీ పేరు కొట్టివేసి వస్తే వాడికి మార్కు పోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. భాషను ప్రేమించడం నేర్పవలసిన పాఠం, అబద్ధాన్ని కంఠస్థం చేస్తే ఉద్యోగం వస్తుందని నేర్పుతోంది. మన భాష ఘనతకు కలమళ్ళ శాసనం ఉంది, నన్నయ ఉన్నాడు, తిక్కన ఉన్నాడు. 2008లో ప్రాచీనభాషా ప్రతిపత్తి వచ్చినప్పుడు చూపవలసినవి శాసనాలు, కావ్యాలు. దొరల మెచ్చుకోళ్ళు కాదు.

సరే, ఎవరన్నదైతేనేం, పోలికలో నిజముందా అని అడిగేవారుంటారు. ఇది మా పండితుల పరిధిలోని ప్రశ్న గనుక నాలుగు మాటలు ఎక్కువగానే చెబుతాను.

తెలుగు అజంత భాష అన్నది స్థూలంగా సత్యం. సంస్కృతపు ‘వాక్’ మనదగ్గర వాక్కు అవుతుంది, ‘జగత్’ జగత్తు అవుతుంది. పారసీకపు ‘బజార్’ బజారవుతుంది, ‘సర్కార్’ సర్కారవుతుంది. అయితే సూక్ష్మంగా చూస్తే చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణం తెరవగానే మనకు ఎదురయ్యేది ద్రుతం. ద్రుతమంటే నకారం, పొల్లు హల్లు. పదాలను కళలు, ద్రుతప్రకృతికాలు అని రెండుగా విభజించడమే ఆ నకారాన్ని ఆధారం చేసుకుని. మన సంధిప్రకరణంలో సగం శ్రమ ఆ పొల్లును లాలించడానికే సరిపోతుంది. ఇంకా వెనక్కి వెళితే, క్రీ.శ. 575 ప్రాంతపు రేనాటి చోళుల కలమళ్ళ శాసనంలో ‘ఏలగా’ అనే అర్థంలో కనబడే మాట ‘ఏళన్’. హల్లుతోనే ముగిసింది. ఇక వాడుకలోకి వస్తే ‘వచ్చాడురా’ అని నిదానంగా పలికే తెలుగువాడిని నేనింతవరకు చూడలేదు. ‘వచ్చాడ్రా’ అనే అంటాం.

ఇటాలియన్ కూడా అంతే. దానిలోనూ ‘ఇల్’, ‘కోన్’, ‘పెర్’, ‘నోన్’ వంటి చిన్న మాటలు హల్లులతో ముగుస్తాయి. అవి మాటమాటకూ వస్తుంటాయి. ఆపైన మనకున్న ట, డ, ణ, ళ లు వారికి లేవు. హ్రస్వదీర్ఘ భేదంతో అర్థం మారడం వారికి లేదు. మనకు పడు వేరు, పాడు వేరు. అదీగాక అచ్చుతో ముగియడమే అర్హత అయితే నేటి కన్నడం కూడా ఈ బిరుదుకు అంతే తగినది. అక్కడ కూడా బస్సే, రైలే.

నిజమైన పోలిక ఒకటి ఉంది. దాన్ని మాత్రం ఈ నినాదం చెప్పినవారెవరూ పట్టించుకోలేదు. అది ద్విత్వం. మనకు కల వేరు, కల్ల వేరు. గడి వేరు, గడ్డి వేరు. ఒత్తు పలకడంలో పొరపాటు జరిగితే అర్థం మారిపోతుంది. ఇటాలియన్‌లో కూడా అచ్చంగా ఇంతే. ‘నోనో’ అంటే తొమ్మిదవది, ‘నొన్నో’ అంటే తాతగారు. ‘పాపా’ అంటే పోపుగారు, ‘పప్పా’ అంటే పసిపిల్లలకు పెట్టే మెత్తని బువ్వ. పప్పూ బువ్వా తిని పెరిగిన మనకు ఈ చివరి మాట వింటే నవ్వూ ఆప్యాయతా రెండూ కలుగుతాయి. ఇంగ్లీషువారి పలుకుబడిలో ఇలా ఒత్తు మార్చితే అర్థం మారే పద్ధతి లేదు కనుక వారి చెవికి ఇది ఆనలేదు. వారికి ఆనినది పదాంతపు అచ్చు ఒక్కటే, ఎందుకంటే వారి భాషలో అది తక్కువ.

ఆ అచ్చు సంగతి వచ్చింది గనుక ఇంకొక ముచ్చట చెప్పి ముగిస్తాను. ఇటలీ వర్తకులు బల్లలు వేసుకుని డబ్బు మార్చిన చోటు ‘బాంకా’. సరుకు ఓడకెక్కించినప్పుడు మనసులో పీకే భయం ‘రిస్కో’. అక్కడి కవులు పద్నాలుగు పాదాలతో అల్లిన పద్యం ‘సొనెత్తో’. ఈ మాటలు ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండుకు చేరేసరికి చివరి అచ్చులు రాలిపోయి బ్యాంక్, రిస్క్, సానెట్ అయ్యాయి. అవే మాటలు ఓడలెక్కి మన రేవుల్లో దిగాక, మన రైతులూ, గుమాస్తాలూ, కవులూ వాటిని బ్యాంకు, రిస్కు, సానెట్టు అన్నారు. రాలిపోయిన చోట మళ్ళీ ఒక అచ్చు మొలిచింది. పాత అచ్చు కాదు, మన ఉకారం.